దిద్దిన మాటల వెంట సముద్రం దాకా

విజయవాడలో ఆరుంపావుకి కదలాల్సిన బండి ఆరున్నరకి కదిలింది. నా దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో రెండు చీరలు, బీపీ మాత్రలు. రెండోదాంట్లో నూకరత్నం కవితల పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు, ఒక ఎర్ర పెన్ను. డిసెంబరు మొదటి వారం కావడంతో కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. తలుపు దగ్గర కూచున్నవాళ్ళు మఫ్లర్లు చుట్టుకున్నారు.

నూకరత్నం గురించి కవిత్వం చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం చెబుతాను. గోదావరి సముద్రంలో కలిసే చోట, అంతర్వేది వైపున ఒక చేపలవాళ్ళ పాలెంలో పుట్టింది. పదో తరగతి చదివి, అంగన్‌వాడీ టీచరుగా పనిచేసింది. ముప్పై ఏళ్ళ కిందట ఒక్క పుస్తకం వేసింది. ఆ ఒక్క పుస్తకానికే బహుమతులొచ్చాయి, బడి పుస్తకాల్లో పాఠాలొచ్చాయి, దాని మీద పరిశోధనలు జరిగాయి. ఆ తర్వాత ఆవిడ ఒక్క పద్యం కూడా అచ్చుకివ్వలేదు. ఎందుకివ్వలేదని సభల్లో అందరూ అడిగేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

నేను ఆ పుస్తకం వేసిన ప్రచురణ సంస్థలో ప్రూఫురీడర్‌ని. రిటైరయ్యాను. కొత్త కూర్పు వేస్తున్న కుర్ర ప్రచురణకర్త పోయిన నెల ఫోను చేశాడు.

"ముందుమాట మీరే రాయాలి మేడం. ఆవిడని కనిపెట్టింది మీరే కదా."

సభల్లో నన్ను అలాగే పరిచయం చేస్తూ వచ్చారు. నేనెప్పుడూ కాదనలేదు. అసలు జరిగింది ఇదీ.

నూకరత్నం రాత రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో పోస్టులో వచ్చింది. చదివి, వేయాల్సిందేనని పట్టుబట్టింది నేనే. అంతవరకు నిజం. ఆ తర్వాత ఎర్ర పెన్ను పట్టుకున్నాను. మా నాన్న కోనసీమలోనే తెలుగు పండితుడు. వత్తు తప్పితే అన్నం ముద్ద దిగేది కాదు ఆయనకి. నాకూ అదే జబ్బు. ఆవిడ పద్యాల్లో ఒకటి సముద్రం మీదికి వెళ్ళే మొగుడి గురించి, ఒడ్డున చాకిరీ చేసే పెళ్ళాం గురించి. అందులో ఆవిడ ఇలా రాసింది: "పోటు ఆయనది, పాటు నాది." ఆటుపోట్లు అంటారు కదా, పాటేమిటి అనుకున్నాను. "పోటు ఆయనది, ఆటు నాది" అని దిద్దాను. పుస్తకమంతా అలాగే దిద్దాను. ప్రూఫులు ఆవిడకి పంపలేదు. టైము లేదన్నారు, నేనూ సరేనన్నాను. కంపోజింగు అయ్యాక నోట్‌బుక్కులు చిత్తుకాయితాల్లో పోయాయి.

రిటైరయ్యే ముందు ఏదో మాట కోసం నిఘంటువు తిరగేస్తుంటే కళ్ళబడింది. పాటు: పోటు తగ్గి నీరు వెనక్కి పోవడం. దాని కిందే ఇంకో అర్థం, కష్టం. నీళ్ళు దిగిపోవడమూ అదే, ఒళ్ళు విరిగే చాకిరీ అదే. ఒక్క మాటలో ఆవిడ రెండూ చెప్పింది. నేను ఆ మాట కొట్టేసి, రెండో అర్థాన్ని తెలియకుండానే పారేశాను. ఆ నిఘంటువు ఆఫీసులో అన్నేళ్ళూ నా పక్క గదిలోనే ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రూఫులు చేతికొచ్చాక ఇక చెప్పక తప్పదనిపించింది. ఉత్తరంలో కాదు, ఎదురుగా. వస్తున్నానని మాత్రం ఫోను చేసి చెప్పాను.

ఏలూరులో ఒక టీచరుగారు ఎక్కి నా ఎదురుగా కూచున్నారు. నా ఒళ్ళో ఉన్న కాయితాల మీద పేరు చూసి, "నూకరత్నం గారివాండీ?" అన్నారు మొహం వెలిగిపోతూ. "మా తొమ్మిదో తరగతికి పాఠం ఉందండి. పోటు ఆయనది, ఆటు నాది. ఆ 'ఆటు' దగ్గర పిల్లలకి నేను ప్రత్యేకంగా ప్రశ్న ఇస్తాను. స్త్రీ జీవితంలో ఆటుపోట్లు అని రాస్తే ఫుల్ మార్కులు."

"అక్కడ ఆవిడ వేరే మాట రాశారటండీ," అన్నాను.

"అబ్బే, లేదండీ. అంత బాగా కుదిరిన మాట ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?" అని నవ్వి, నిడదవోలులో దిగిపోయారు. దిగేటప్పుడు, "ఆవిడ కనపడితే మా నమస్కారాలు చెప్పండి," అన్నారు.

కొవ్వూరు దాటి వంతెన మీదికొచ్చేసరికి ఎనిమిదీ యాభై. రాజమండ్రిలో దిగి, స్టేషను బయట రెండిడ్లీ, కాఫీ తీసుకున్నాను. సూటిగా నరసాపురం రైలెక్కితే పాలెం చేరడం సులువు. అయినా ఇటు రావడానికి కారణం, గోదావరి గట్టు దగ్గరున్న ఒక హాలు. ఆటోలో పది నిమిషాలు. ఇప్పుడు దానికి కొత్త రంగు వేశారు, లోపల ఏదో చీరల ఎగ్జిబిషను నడుస్తోంది. పుస్తకం ఆవిష్కరణ ఇక్కడే జరిగింది. నూకరత్నం నీలం చీర కట్టుకుని మైకు ముందు నిలబడి చదివింది. "పోటు ఆయనది" అని ఆగింది. జనం అది కవిత్వం చదివే పద్ధతి అనుకున్నారు. ఆవిడ పుస్తకంలోకి చూసింది, పేజీ దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత "ఆటు నాది" అని చదివింది. హాలంతా చప్పట్లు. మొదటి వరసలో నేనూ కొట్టాను. ఎందుకు ఆగిందో ఆ రోజు నాకు తెలియదు, కానీ ఆగిందని మాత్రం ఇన్నేళ్ళూ గుర్తుంది.

పదీ నలభైకి రాజోలు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కాబట్టి సీటు కోసం కొంచెం కష్టపడాలి. కడియం దగ్గర రోడ్డుకి రెండువైపులా నర్సరీల బంతి మొక్కలు, రావులపాలెంలో అరటిగెలల లారీలు. అక్కణ్ణించి కొత్తపేట మీదుగా వెళ్ళి, పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ దాటాం. నేను పుట్టిన ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. సముద్రం అక్కణ్ణించి ఎంతో దూరం కాదు. ఆ ఒడ్డునున్నవాళ్ళు నీళ్ళని ఏమంటారో మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

రాజోలులో ఒంటిగంటన్నర. అక్కడ భోజనం చేసి మలికిపురం బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఆటోలో ఖాళీ చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఎవరింటికని అడిగారు. చెప్పాను.

"టీచరమ్మ గారింటికా? మా పిల్లలందరికీ ఆవిడే అక్షరాలు దిద్దించింది," అంది ఒకామె.

"పుస్తకాలు కూడా రాశారుగా," అన్నాను.

"ఎప్పుడోనండీ. ఇప్పుడు రాయట్లేదు కదా," అంది రెండో ఆమె, మానేసిన వ్యాపారం గురించి చెప్పినట్టు.

మూడుంపావుకి పాలెంలో దిగాను. నూకరత్నంది రెండు గదుల స్లాబు ఇల్లు. పక్కింట్లో తమ్ముడి కుటుంబం. ఆవిడకి ఇప్పుడు అరవై నాలుగు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, నిలబడే తీరు మాత్రం అదే. నన్ను చూసి గుర్తుపట్టింది.

"రండి మేడమ్ గారూ. మీరు చేపలు తినరు కదా, బీరకాయ వండాను," అంది.

తిని వచ్చానన్నా వినలేదు, మళ్ళీ కొంచెం తినిపించింది. తర్వాత వసారాలో చాప పరిచింది. నేను ప్రూఫులు బయటికి తీశాను. రైల్లో అనుకున్న మాటలన్నీ పోయాయి. చివరికి, "నూకరత్నం గారూ, మీరు పాటు అని రాశారు. నేను ఆటు చేశాను. తెలియక చేశాను," అన్నాను.

ఆవిడ ప్రూఫులు ఒళ్ళోకి తీసుకుని ఆ పేజీ తిప్పింది.

"ఇన్నాళ్ళకి అడుగుతున్నారా?" అంది.

"మీకు కోపం రాలేదా?"

"వచ్చిందండి. మళ్ళీ నాదే తప్పేమో అనుకున్నాను. మీరు చదువుకున్నవాళ్ళు. ఇంటికొచ్చి అమ్మనడిగాను, అమ్మా, పాటు అంటారా, ఆటు అంటారా అని. నీళ్ళు దిగిపోడాన్ని పాటు అనక ఏమంటారే పిచ్చిదానా అంది."

"మరి నాకొక ఉత్తరం ముక్క రాయాల్సింది."

"రాద్దామనే కూచున్నాను. రాస్తే దాంట్లో కూడా తప్పులుంటాయేమో అని మానేశాను."

ఆవిడే మళ్ళీ అంది, గొంతులో కోపం లేకుండా, పిల్లలకి పాఠం చెప్పినట్టు: "తర్వాత రాయలేదెందుకని అందరూ అడుగుతారు కదండీ. రాయకపోలేదు. కూచునేదాన్ని. ఒక మాట రాయగానే, ఇది మేడమ్ గారు దిద్దుతారు అనిపించేది. ముందే నేను దిద్దేసుకునేదాన్ని. అలా దిద్దుకుంటూ పోతే ఇక నాదనేది ఏమీ ఉండేది కాదు. కాయితం చింపేసేదాన్ని. కొన్నాళ్ళకి కూచోడం మానేశాను."

సాయంత్రం దాకా పని చేశాం. ఒక్కో పద్యం నేను చదవడం, ఆవిడ తను రాసిన మాట గుర్తు తెచ్చుకోవడం. 'పాటు' దాని చోటికి అది వచ్చింది. గంప ఎత్తుకుని బజారుకెళ్ళే తల్లి "వెళ్ళొస్తానే" అన్న చోట "ఎళ్ళొత్తానే" అని రాయించింది. 'చేపలు' అన్న చోట తల్లి నోట 'సేపలు' అని పెట్టించింది. ఒకచోట నేను "ఆమె అలసిపోయినది" అని దిద్దానట. చదివి ఇద్దరం పడీపడీ నవ్వాం. "మా పాలెంలో ఎవరైనా అలిసిపోయినది అంటే రాళ్ళుచ్చుకుంటారండీ," అంది. ఆ కాసేపూ నా ఒళ్ళు తేలికైంది. పనైపోతుంది, చేసిన తప్పు సర్దుకుంటుంది అనుకున్నాను.

అప్పుడు ఆవిడ తల్లి మీద రాసిన పద్యం దగ్గరికొచ్చాం. పుస్తకంలో అందరికీ ఇష్టమైనది అదే. తెల్లారకముందే తల్లి లేచి వాకిట్లోకొచ్చి, మొహం పైకెత్తి గాలిని చూస్తుంది. అది ఏ గాలో పేరు పెట్టి చెబుతుంది. దాన్నిబట్టి పడవలు ఎప్పుడొస్తాయో లెక్కేసుకుంటుంది. చివరి పాదం అచ్చులో ఇలా ఉంది: "చల్లగాలి లేచింది, అమ్మ గంప ఎత్తుకుంది."

"ఇక్కడ చల్లగాలి కాదండి," అంది నూకరత్నం. "అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక పేరు అనేది."

"ఏమనేవారు?"

ఆవిడ నోరు తెరిచి, మూసింది. కళ్ళు మూసుకుంది. వేళ్ళతో చాప మీద ఏదో రాసుకుంది. "మూడక్షరాల మాటండీ. నాలిక మీదే ఉంది," అంది. పది నిమిషాలు చూశాం. రాలేదు. "మీరు దిద్దినదే ఎన్ని సభల్లో చదివాను! మీ మాట దాని మీద కూచుండిపోయింది," అంది చివరికి.

నేను జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. ఆ మాట ముప్పై ఏళ్ళ కిందట నా కళ్ళముందే ఉంది. దాని మీద ఎర్ర గీత గీసింది ఈ చెయ్యే. గీత గుర్తుంది. కింద ఉన్న మాట గుర్తులేదు.

ఆ రాత్రి ఆవిడ ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు ఐదున్నరకి ఇద్దరం ఒడ్డుకి వెళ్ళాం. పాలెంలో అందరికంటే పెద్దది సూరమ్మ, నూకరత్నానికి పిన్ని వరస. ఎండు చేపల చాపల దగ్గర కూచుని ఉంది. చూపు తగ్గింది కానీ మాట గట్టిది. నూకరత్నం ఆవిడ పక్కన చతికిలబడి అడిగింది.

"పిన్నీ, తెల్లారగట్ల ఒడ్డునించి సముద్రం మీదికి పోయే గాలి ఉంటాది గదా. అమ్మ దానికో పేరు అనేది. ఏటది?"

సూరమ్మ కాసేపు ఆలోచించింది. పైరగాలి అంది. నూకరత్నం కాదంది. కొండగాలి అంది. అదీ కాదంది.

"మీ అమ్మ మా పాలెం పిల్ల కాదే. ఉప్పాడ పక్కనించి వచ్చింది. ఆళ్ళ గాలిమాటలు ఆళ్ళవి. మేం నవ్వేవోళ్ళం దానికి," అంది సూరమ్మ.

"అక్కడికెళ్తే చెప్తారేమో," అన్నాను నేను ఆశగా.

"ఎక్కడికెళ్తావమ్మా? ఆ పాలెం సముద్రంలో కలిసిపోయింది గదా. జనం తలో దిక్కూ పోయారు. దీని మేనమావలు కూడా సచ్చిపోయారు," అంది సూరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "ఆ మాట నీకెందుకు?" అంది.

నూకరత్నమే, "పుస్తకంలోకి పిన్నీ," అంది.

అప్పుడే ఒక బోటు వచ్చింది. దిగినవాళ్ళలో నలభై ఏళ్ళాయన ఒకరిని నేను మళ్ళీ అడిగాను. ఆయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. నీలం తెర మీద చిన్న చిన్న బాణాలు కదులుతున్నాయి. "ఇప్పుడంతా ఇందులోనేనండీ. ఎటునించి, ఎంత స్పీడు, అన్నీ చెప్తుంది. పేర్లు మా నాన్నోళ్ళకి తెలుసు," అన్నాడు మర్యాదగా. గాలి మాత్రం ఇంకా వీస్తూనే ఉంది. నూకరత్నం మొహం పైకెత్తి కాసేపు నిలబడింది. మాట వస్తుందేమోనని నేను ఆవిడ పెదాల వంకే చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇంటివైపు నడిచింది.

పదకొండింటికి వసారాలో మళ్ళీ ప్రూఫులు పరిచాం. ఆవిడ ఎర్ర పెన్ను ఇమ్మంది. తల్లి పద్యం ఉన్న పేజీ తీసి, పైనుంచి కింది దాకా ఒక్క గీత గీసింది.

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"తీసేయండి."

"ఒక్క మాట కోసం మొత్తం పద్యమా? మిగతా అన్ని మాటలూ మీవే కదా. కావాలంటే కింద నోట్ వేద్దాం. ఖాళీ వదులుదాం."

"ఆ మాట కోసమే మిగతావన్నీ రాశానండీ. అది అమ్మ. చల్లగాలి అనే మనిషిని నేను చూళ్ళేదు."

"అందరికీ ఇష్టమైన పద్యం అది. పిల్లలు చదువుకుంటున్నారు," అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినపడింది.

"చదువుకోనివ్వండి. పాత పుస్తకాల్లో ఉంది కదా. నా పుస్తకంలో మాత్రం వద్దు," అంది. పెన్నుకి మూత పెట్టి నా చేతికిచ్చింది. "ముందుమాటలో జరిగింది రాయండి మేడమ్ గారూ. క్షమాపణలూ అవీ వద్దు. మీరేం చేశారో, నేనేం చేశానో, అంతే."

"మీరేం చేశారు?" అన్నాను ఆశ్చర్యంగా.

"ఆ రోజు మైకు ముందు, ఇది నా మాట కాదు అనొచ్చు కదండీ. అనలేదు."

బయల్దేరేటప్పుడు వీధి చివరిదాకా వచ్చింది. కొత్తగా ఏమైనా రాస్తే నాకు పంపమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆటో ఎక్కాక, "జాగ్రత్తగా వెళ్ళండి, గోదావరి దాటేటప్పుడు పంటు అంచున నిలబడకండి," అంది.

రెండింటికి సఖినేటిపల్లి రేవు. పంటు మీద మోటారు సైకిళ్ళు, ఒక పెళ్ళివారి కారు, కొబ్బరికాయల వ్యాను, మేమూ. పది నిమిషాల్లో నరసాపురం వైపు దించేశాడు. అక్కణ్ణించి స్టేషనుకి ఆటో. నాలుగున్నరకి విజయవాడ బండి దాదాపు ఖాళీగా కదిలింది.

భీమవరం దాటుతుండగా ప్రచురణకర్త ఫోను చేశాడు. సంగతి చెప్పాను.

"ఆ పద్యం లేకపోతే ఎలా మేడం? పుస్తకం కొనేదే దానికోసం. మీరు కాస్త గట్టిగా చెప్పాల్సింది ఆవిడకి," అన్నాడు.

"ఆవిడకి గట్టిగా చెప్పినవాళ్ళలో నేనే మొదటిదాన్ని బాబూ. ఇక చాలు. ఆ పేజీ తీసేయండి," అన్నాను. అతను సరే చూద్దామన్నాడు. చూద్దాం కాదు, తీసేశాక నాకు పంపండి అన్నాను. పంపుతానన్నాడు.

కిటికీ బయట చేపల చెరువులు, వాటి మీద సాయంకాలం ఎండ. ముందుమాట అక్కడే మొదలుపెట్టాను. మొదటి వాక్యం మూడుసార్లు రాసి కొట్టేశాను. నాలుగోసారి రాసినదాన్ని కొట్టెయ్యలేదు. బండి కుదుపులకి అక్షరాలు వంకర్లు పోయాయి, దిద్దకుండా వదిలేశాను.

ఇది చదివి అటు వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. విజయవాడ నుంచైతే నరసాపురం రైలు, పంటు, ఆటో. ఒక్క పూటలో చేరిపోతారు. పాలెంలో టీచరమ్మ గారిల్లు ఎవరినడిగినా చూపిస్తారు. ఆవిడ మీకు అన్నం పెడుతుంది, ఎంతసేపైనా మాట్లాడుతుంది. 'పాటు' పద్యం చదవమనండి, ఇప్పుడు ఎక్కడా ఆగకుండా చదువుతుంది. తల్లి మీద రాసినది మాత్రం అడక్కండి. మర్యాదస్తురాలు, అడిగితే కాదనలేదు. చల్లగాలి అనే చదువుతుంది.